గట్టుమీదవాళ్ళు

నెదర్లాండ్స్‌లో ఆల్క్‌మార్ నుంచి లేవార్డెన్ వెళ్ళే 350 నంబరు బస్సులో ఎడమవైపు కిటికీ సీటు కోసం ఒక బస్సు వదిలేసి, గంటసేపు చలిగాలిలో నిలబడ్డాను. ఎడమవైపే ఎందుకంటే అటు వాడెన్ సముద్రం, కుడివైపు సరస్సు. సముద్రానికి అడ్డంగా 32 కిలోమీటర్ల పొడవున కట్టిన అఫ్‌స్లౌట్‌డైక్ మీద పోతూ ఉప్పునీటిని కళ్ళారా చూడాలని నా ఆశ. డెన్ ఊవర్ దాటి బస్సు గట్టెక్కగానే ఫోను చేతిలోకి తీసుకుని కిటికీకి ముఖం ఆనించాను. గడ్డి కనిపించింది. గోడలా లేచిన పచ్చని ఏటవాలు, అంతే. రోడ్డు గట్టు శిఖరం మీద లేదు. శిఖరానికి ఇవతల, సరస్సు వైపు, కిందుగా వేశారు. కుడివైపు కూర్చున్నవాళ్ళందరికీ మధ్యాహ్నపు ఎండలో వెండిలా మెరుస్తున్న నీళ్ళు. నాకేమో పది నిమిషాలు గడిచినా అదే గడ్డి. చాలా కోపం వచ్చింది. ఈ సంగతి ఒక్కరైనా ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఈ దారిన వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి.

అప్పటికే మనసు బాగాలేదు. ముందురోజు రాత్రి ఆల్క్‌మార్‌లో నేను దిగిన బసలో నా పేరు మీద గది లేదన్నారు. డబ్బు కట్టిన రసీదు చూపించినా లేదన్నారు. అరగంట తరువాత తేలిందేమిటంటే, మన పద్ధతిలో ముందు రాసిన ఇంటిపేరును వాళ్ళు నా సొంత పేరనుకున్నారు, సొంత పేరును ఇంటిపేరు గడిలో వేసుకున్నారు. పాస్‌పోర్టు చేతికి వచ్చిన నాటినుంచీ ప్రతి విమానాశ్రయంలోనూ ఇదే బాధ. కౌంటరు దగ్గరి పిల్లవాడు క్షమాపణ చెప్పి, తమకూ పేర్ల వరుసలో చిక్కులున్నాయన్నాడు. వాన్ డైక్ అనే ఆయన కావాలంటే నెదర్లాండ్స్‌లో ‘డి’ కింద వెతకాలట, సరిహద్దు దాటి బెల్జియం వెళితే అదే పేరు ‘వి’ కింద ఉంటుందట. ఆ మాటతో కొంత చల్లబడ్డాను. కానీ గదికి తీసుకున్న సొమ్ము తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ డబ్బుతో అమలాపురంలో నెలరోజులు అద్దెకుండవచ్చు.

అసలు ఈ ప్రయాణం ఒక ఇంటిపేరు కోసమే. అమ్మాయి డెల్ఫ్‌ట్‌లో చదువుతోంది. దాన్ని చూడటానికి వచ్చి, ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు రోజులు అందరూ చూసేవే చూశాను. మూడో రోజు ఒక్కడినే ఉత్తరానికి బయలుదేరాను. కాకినాడలో ఇంజనీరింగ్ విద్యార్థులకు పద్దెనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ప్రతి ఏడాదీ రెండో సంవత్సరం పిల్లలకు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి అతి దగ్గరి దారి కనుక్కునే పద్ధతి చెప్పాలి. అది కనిపెట్టినవాడు ఎడ్స్‌ఖర్ డైక్‌స్ట్రా. 1930లో రోటర్‌డామ్‌లో పుట్టాడు. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో బజారుకు వెళ్ళి, అలసిపోయి, ఒక కాఫీ హోటలు ముందు కూర్చున్నప్పుడు, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో ఆ పద్ధతిని ఆలోచించాడు. ఆయన వేసుకున్న ప్రశ్న రోటర్‌డామ్ నుంచి ఖ్రోనింగెన్‌కు దగ్గరి దారి ఏది అని. అర్మాక్ అనే కొత్త కంప్యూటరును జనానికి చూపించడానికి నెదర్లాండ్స్‌లోని 64 ఊళ్ళ పటం తీసుకుని ఆ లెక్క చేయించాడు. మూడు పేజీల వ్యాసం 1959లో అచ్చయింది. ఇవాళ మన ఫోనులో దారి చూపించే ప్రతి పటం వెనుకా ఆ ఆలోచన ఉంది.

ఈ కథంతా పిల్లలకు ఇష్టంగా చెప్పేవాణ్ణి. కానీ ఆ పేరుకు అర్థం ఏమిటని ఎన్నడూ అడుక్కోలేదు. ఈ మధ్య ఒక అమ్మాయి క్లాసులో లేచి, “సార్, డిజ్‌క్‌స్ట్రా అంటే ఏమిటి?” అంది. జవాబు లేక నిలబడిపోయాను.

కోర్న్‌వెర్డర్‌సాండ్ దగ్గర బస్సు ఆగింది. ముందు కార్లన్నీ ఆగి ఉన్నాయి. లాకుల్లోంచి ఒక పడవ పోవాలని వంతెన తిప్పేశారు. ఈ లాకులకు లోరెంట్జ్ పేరు పెట్టారు. 1902లో నోబెల్ అందుకున్న ఆ భౌతికశాస్త్రవేత్తే, గట్టు కడితే ఆటుపోట్లు ఎలా మారతాయో లెక్కకట్టే సంఘానికి అధ్యక్షుడు. ఏళ్ళ తరబడి చేసిన ఆ లెక్క తరువాతే 1927లో పని మొదలుపెట్టి, 1932 మే 28న ఆఖరి కంత పూడ్చారు. డ్రైవరు ఇంజను ఆపి తీరిగ్గా సీసాలో నీళ్ళు తాగాడు. ఎవరూ విసుక్కోలేదు.

నా పక్క సీటులో డెన్ ఊవర్‌లో ఎక్కిన పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. ఒడిలో గుడ్డ సంచి, అందులో ఉల్లికాడలు. నా మొహం చూసి, “సముద్రం కోసమా?” అంది ఇంగ్లీషులో. అవునన్నాను. “అందరూ అలాగే మోసపోతారు. గట్టు సముద్రాన్ని ఆపడానికి, చూపించడానికి కాదు” అంది. ఆ మాటతో మా సంభాషణ మొదలైంది. నేను ఎందుకు వెళుతున్నానో చెప్పాను, ‘డిజ్‌క్‌స్ట్రా’ అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాను. పుస్తకంలో రాసి చూపించాను. చదివి ఒక్కసారిగా నవ్వి, తన గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“ఇది నా పుట్టింటి పేరు!”

‘ఐ’, ‘జె’ అక్షరాలు పక్కపక్కన వస్తే తమ భాషలో అది ఒకే అచ్చు అనీ, ‘డైక్‌స్ట్రా’ అనాలనీ మూడుసార్లు పలికించింది. పద్దెనిమిది తరగతుల పిల్లలకు తప్పు పలుకు నేర్పానన్న బాధ అప్పుడు నిజంగా గుచ్చుకుంది. ఒక మనిషి పేరు సరిగ్గా పలకడం ఆయనకు ఇవ్వవలసిన మొదటి గౌరవం. నా పేరు తలకిందులు చేశారని ముందురోజు అంత కోపగించుకున్నవాణ్ణి నేను.

“అది డచ్చి వాళ్ళు పలికే తీరు. ఉత్తరాన మా ఫ్రీస్లాండ్ రాష్ట్రపు భాషలో డీక్‌స్ట్రా” అంది తరువాత. డీక్ అంటే గట్టు. చివరి ‘స్ట్రా’ పాత భాషలో కూర్చున్నవాడు, కాపురమున్నవాడు అనే మాటలోంచి అరిగి మిగిలింది. గట్టు దగ్గర కాపురమున్నవాడు డైక్‌స్ట్రా. మూలన ఉన్నవాడు హూక్‌స్ట్రా. మట్టిదిబ్బ మీద ఉన్నవాడు టెర్ప్‌స్ట్రా. తూము దగ్గర, లాకు దగ్గర ఉన్నవాడు జైల్‌స్ట్రా. “మా క్లాసులో హాజరు పిలిస్తే మా ఊరి పటం గీసినట్టే ఉండేది” అంది. ఆవిడ తండ్రి, తాత గట్టుకు ఆమడ దూరంలో పాల వ్యాపారం చేసేవారట. గట్టు దగ్గర ఉన్న పూర్వీకుడెవరో ఎవరికీ తెలియదు.

ఇంకో మాట కూడా చెప్పింది, అది విని నేను సీటులో నిటారుగా కూర్చున్నాను. వాళ్ళ భాషలో డీక్ అంటే గట్టూ అవుతుంది, రోడ్డూ అవుతుంది. పల్లపు నేలలో, ఏడాదిలో సగం రోజులు బురదలో ఉండే దేశంలో, ఆరిన దారంటూ ఉంటే అది గట్టు మీదే మరి. దారి పక్కన కాపురమున్నవాడి పేరు మోసిన మనిషి, లోకానికంతా దారి వెతికే లెక్క చేసి ఇచ్చాడు. పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పి ఈ సంగతి ఒక బస్సులో, ఉల్లికాడల సంచి పక్కన తెలుసుకున్నాను.

ఆవిడ దృష్టిలో మాత్రం డైక్‌స్ట్రాల్లో గొప్పది షౌక్యె. అక్రుమ్ అనే పల్లెలో పుట్టిన ఆ అమ్మాయి 1964లో ఇన్స్‌బ్రూక్‌లో ఫిగర్ స్కేటింగ్‌లో బంగారు పతకం గెలిచింది. నెదర్లాండ్స్‌కు శీతాకాల ఒలింపిక్స్‌లో అదే మొదటి బంగారం. “నల్లతెల్ల టీవీ ముందు వీధంతా కూర్చుంది” అంటూ ఉండగా వంతెన మూసుకుంది, బస్సు కదిలింది. గట్టు దాటాక మొదటి స్టాపులో నాకు రెండు ఉల్లికాడలు ఇచ్చి మరీ దిగిపోయింది. ఏం చేసుకోవాలో తెలియలేదు గాని, పుచ్చుకున్నాను.

లేవార్డెన్ మీద పెద్దగా రాయను. ట్రెసోఆర్ అనే ఫ్రీస్లాండ్ పత్రాగారానికి తిన్నగా వెళ్ళాను. లోపల కాఫీ నాలుగు యూరోలు, మన డబ్బులో దాదాపు 400 రూపాయలు. కాఫీ ఖరీదు సంగతి ఎలా ఉన్నా, అక్కడి పత్రాలు చూడటానికి పైసా తీసుకోలేదు. నేను చూడాలనుకున్నవి 1811 నాటి పేర్ల దస్తరాలు. అంతకు ముందు ఏడాదే నెపోలియన్ ఈ దేశాన్ని ఫ్రాన్స్‌లో కలుపుకున్నాడు. 1811 ఆగస్టు 18న, ఇంటిపేరు లేనివాళ్ళంతా ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలని ఉత్తర్వు చేశాడు. దేశంలో చాలా చోట్ల ఇంటిపేర్లు అప్పటికే ఉన్నాయి. ఫ్రీస్లాండ్‌లో మాత్రం చాలామంది తండ్రి పేరుతోనే నడిపించేవారు. పీటర్ కొడుకు యాన్ అయితే యాన్ పీటర్స్, అతని కొడుకు మళ్ళీ వేరే. తరం మారితే పేరు మారిపోతుంటే పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలి, సైన్యంలోకి ఎవరిని లాగాలి? ఉత్తర్వు వెనుక ఉన్న అవసరం అది.

అక్కడి ఉద్యోగిని కంప్యూటరు తెర మీద ఒక పుట తెరిచి చూపించింది. ఇంటి పెద్ద వచ్చి ఊరి అధికారి ముందు నిలబడ్డాడు. తీసుకున్న పేరు డైక్‌స్ట్రా. కింద పిల్లలు, మనుమలు, వాళ్ళ వయసులు, ఉండే ఊళ్ళు. చివర, తనకు రాయడం రాదని చెప్పాడన్న వాక్యం. సంతకం చేయలేని ఆ మనిషి ఆ రోజు పలికిన ఒక్క మాట రెండు శతాబ్దాలుగా మనుషుల మీద నిలిచి ఉంది. చాలాసేపు ఆ పుట ముందు నుంచి లేవలేకపోయాను. గట్టు పక్కన ఉన్నవాళ్ళు ఒక్క కుటుంబం కాదు కనుక, ఒకరితో ఒకరికి చుట్టరికం లేని ఇళ్ళవాళ్ళు ఎందరో అదే పేరు తీసుకున్నారు. ఇంటిపేరు ఒకటైతే ఒకే వంశమనుకోవడం మనకు అలవాటు, ఇక్కడ ఆ సూత్రం పనిచేయదు.

ఇప్పటికీ ఫ్రీస్లాండ్‌లో తరచుగా వినిపించే పేర్లలో అది ఒకటి. దక్షిణానికి పోయేకొద్దీ పలచబడి, అక్కడ వాన్ డైక్‌లు కనిపిస్తారు. అర్థం అదే, గట్టు దగ్గరివాడు. అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళలో చాలామంది ‘ఐ’, ‘జె’ల బదులు ‘వై’ రాసుకుంటారు. మొత్తం దేశంలో మొదటి వరుస వేరే పేర్లది. 2007 లెక్కలో డె యోంగ్‌లు 80 వేలు దాటారు, డె ఫ్రీస్‌లు 70 వేలు దాటారు. డె ఫ్రీస్ అంటే ఫ్రీస్లాండ్ వాడు. ఊరు విడిచి పరాయిచోటికి పోయినవాణ్ణి అక్కడివాళ్ళు అలా పిలవడం సహజమే కదా, హైదరాబాదులో నన్ను “గోదావరాయన” అన్నట్టు.

ఎడ్స్‌ఖర్ డైక్‌స్ట్రాకు కూడా దస్తరాలతో ఒక పేచీ ఉంది. 1957లో పెళ్ళి నమోదు చేయించుకునేటప్పుడు వృత్తి ‘ప్రోగ్రామర్’ అని చెబితే, అలాంటి వృత్తి లేదని ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు ఒప్పుకోలేదు. సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త అని రాయించుకోవలసి వచ్చింది. రాయడం రాని మనిషి చెప్పిన మాట రాసుకున్న దేశం, ఆయన చెప్పినది మాత్రం రాసుకోలేదు.

మర్నాడు హోల్‌వెర్డ్ వెళ్ళి, చివరికి సముద్రపు గట్టెక్కాను. గడ్డి మేస్తున్న గొర్రెలు, అవతల ఆటు తీసిన బురద నేల, గాలి. ఈ గట్లు రాకముందు జనం మట్టిదిబ్బలు పోసుకుని వాటిమీద ఇళ్ళు కట్టుకునేవారు, టెర్ప్‌స్ట్రాల దిబ్బలు అవే. ఈ తీరాన పాత న్యాయం ఒకటి ఉండేది. తన వంతు గట్టు బాగుచేయలేనివాడు పార దాంట్లో గుచ్చి వెళ్ళిపోవాలి. ఆ పార పెరికినవాడిదే పొలం, ఆ గట్టు బాధ్యతా వాడిదే.

మాది కోనసీమ లంక. 1986 ఆగస్టు వరదలో నాకు ఎనిమిదేళ్ళు. నాన్న, ఊళ్ళో మగవాళ్ళంతా మూడు రాత్రులు ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు మోశారు. ఊళ్ళో మా అసలు ఇంటిపేరుతో ఎవరూ పిలవరు. “ఎవరబ్బాయివి?” అంటే “గట్టుమీదవాళ్ళ అబ్బాయి” అంటారు. అక్కడే నిలబడి అన్నయ్యకు ఫోను చేశాను.

“అన్నయ్యా, మనల్ని గట్టుమీదవాళ్ళని ఎప్పటినుంచి అంటున్నారు?”

“తాతయ్య కాలం నుంచిరా. 53 వరదలో కింది ఇల్లు పోతే గట్టు మీద పాక వేసుకున్నారు. ఎందుకు?”

1953 ఫిబ్రవరి 1న ఈ దేశపు నైరుతి తీరంలోనూ గట్లు తెగి 1,836 మంది పోయారు. అదే ఏడాది ఆగస్టులో మన గోదావరి. ఆ మాట అన్నయ్యకు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“అక్కడ గట్టు ఎంత ఎత్తుంది?” అన్నాడు.

మన తాడిచెట్టులో సగం ఉంటుందన్నాను. పైన రోడ్డు ఉందా అని అడిగాడు. గొర్రెల పక్కన సన్నటి సైకిలు దారి ఉందని చెప్పాను. మనది తారురోడ్డయిందనీ, ఈ వర్షాలకు అప్పుడే గోతులు పడ్డాయనీ, నేను వచ్చేసరికి లారీలు ఆపించాలని ఊరంతా అర్జీ పెడుతున్నారనీ అన్నాడు. సంతకం నాది కూడా వేయమన్నాను. ఏ పేరుతో వేయాలని అడిగాడు.