చర్చ్ స్ట్రీట్ సన్యాసుల కాగితాలు

డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున ఫోర్ కోర్ట్స్ అని పెద్ద గుమ్మటం ఉన్న కోర్టు భవనం ఉంది, దాన్ని ఆనుకుని పోయే వీధే చర్చ్ స్ట్రీట్. మా చెల్లెలు ఆ ఊళ్లో ఉద్యోగం చేస్తోంది, తన దగ్గరికి వెళ్లినప్పుడు నేను పట్టుబట్టి చూసింది ఈ వీధిలోని కపూచిన్ సభ ఆర్కైవ్స్, అంటే పాత కాగితాలు దాచిన చోటు. కపూచిన్లంటే అస్సీసి ఫ్రాన్సిస్ బాటలో నడిచే సన్యాసులు, గోధుమరంగు అంగీ, నడుముకి తాడు, మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఐర్లండ్‌కి వాళ్లు 1615లో వచ్చారు.

మఠాల దగ్గర కాగితాలంటే జ్ఞానస్నానాల రిజిస్టర్లు, జమాఖర్చులే అనుకుంటాం. ఇక్కడ ఒక దేశపు పాట, నాటకం, తిరుగుబాటు అన్నీ ఉన్నాయి. ఎందుకో తెలియాలంటే ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ దగ్గర మొదలుపెట్టాలి. 1838లో కార్క్ పట్టణంలో ఈయన తాగుడు మాన్పించే ఉద్యమం మొదలుపెడితే లక్షలమంది ఇక ముట్టమని ఒట్టేశారు. ఆయన పేరుతో చర్చ్ స్ట్రీట్‌లో ఒక హాలు కట్టారు. తాగొద్దని చెప్తే సరిపోదు కదా, పని దిగిన మనిషి సాయంత్రం పోవడానికి ఇంకో చోటుండాలి, అందుకని అక్కడ నాటకాలు, కచేరీలు, 1909 నుంచి ఫెష్ అనే పోటీలు, వాటిలో సంగీతం, నాట్యం, ఐరిష్ భాష. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటులో అదే హాలు తిరుగుబాటుదారుల ఆసుపత్రి అయింది.

ఇక ఆ తర్వాతి రోజుల గురించి చదువుతుంటే నాకు కాసేపు పేజీ తిప్పబుద్ధి కాలేదు. లొంగుబాటు ఉత్తర్వు నిజమా కాదా తేల్చుకోవడానికి ఈ సభ సన్యాసులు ఫాదర్ అలోషియస్, ఫాదర్ అగస్టీన్ బ్రిటిష్ వాళ్ల చెరలో ఉన్న తిరుగుబాటు నాయకులు కానలీని, పియర్స్‌ని కలిసి వచ్చారు. మే 3న కిల్మైనమ్ జైల్లో తిరుగుబాటు నాయకుల మొదటి కాల్చివేతల ముందు ఫాదర్లని బయటికి పంపేస్తే, ఇలా కుదరదు, చివరి నిమిషం దాకా మేం పక్కనే ఉండాలని అలోషియస్ గట్టిగా అడిగాడు, తర్వాత ఒప్పుకున్నారు. మే 12న గాయాలతో నిలబడలేని కానలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు, ఆయన పాపసంకీర్తనం (చేసిన పాపాలు ఫాదర్ దగ్గర ఒప్పుకోవడం) విన్నదీ అలోషియస్సే. ఆ రాత్రుల్ని వీళ్లు రాసిపెట్టారు కాబట్టే ఆ మనుషుల ఆఖరి గంటలు మనదాకా వచ్చాయి. మర్నాడు కిల్మైనమ్ వెళ్లి (టికెట్ ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే దొరకడం కష్టం) ఆ పెరట్లో నిలబడినప్పుడు గైడ్ చెప్పేదాని కంటే వీళ్ల మాటలే ఎక్కువ గుర్తొచ్చాయి.

నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఇంకోటి. బ్రిటన్‌తో ఒప్పందం మీద ఐరిష్ వాళ్లే రెండుగా చీలి కొట్టుకున్న అంతర్యుద్ధంలో, 1922 జూన్ 30న, ఒప్పందాన్ని వ్యతిరేకించినవాళ్లు లోపలుండగా ప్రభుత్వ సైన్యం ముట్టడించిన ఫోర్ కోర్ట్స్ ఆవరణలో పేలుడు జరిగి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది, వందల ఏళ్ల దస్తావేజులు, పాత జనాభా లెక్కలు చాలామటుకు బూడిదయ్యాయి. ప్రభుత్వం దాచుకున్నవి అలా పోయాయి, పక్కవీధిలో సన్యాసులు దాచుకున్నవి ఉన్నాయి. ఆ ముట్టడిలో ఇదే సభకి చెందిన ఫాదర్ ఆల్బర్ట్, ఫాదర్ డొమినిక్ లోపలే ఉండి గాయపడ్డవాళ్లని చూసుకున్నారు. తర్వాత ఇద్దరినీ అమెరికా పంపించేశారు, ఇద్దరూ అక్కడే పోయారు, వాళ్ల అస్థికలు 1958లో గానీ కార్క్ దగ్గర రోచెస్‌టౌన్‌కి తిరిగి రాలేదు. ఆ ఆలస్యం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

1930 నుంచి 1977 దాకా ఈ సభ వేసిన కపూచిన్ యాన్యువల్ అనే వార్షిక పత్రిక గురించి తప్పకుండా చెప్పాలి. ఫాదర్ సెనన్ సంపాదకుడిగా ఉన్న రోజుల్లో జాక్ యేట్స్ లాంటి చిత్రకారుడి బొమ్మలు, పెద్ద రచయితల వ్యాసాలు ఇందులో వచ్చేవి, మతపత్రిక అంటే మనకుండే ఊహకి అందదు. 1966 సంచికలో తిరుగుబాటు యాభయ్యేళ్ల సందర్భంగా బోలెడు జ్ఞాపకాలు ఉన్నాయి, చదవాలనుకునేవాళ్లు దానితో మొదలుపెట్టండి. ఆర్కైవ్స్‌కి స్వయంగా వెళ్లాలంటే మాత్రం ముందుగా మెయిల్ రాసి టైమ్ తీసుకోండి, ఏం చూడాలనుకుంటున్నారో అందులోనే స్పష్టంగా రాయండి.