నీలిమందు నుంచి అమ్మోనియా దాకా: రైన్ ఒడ్డున ఒక కర్మాగారం

జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో, రైన్ నది ఒడ్డున దాదాపు పది చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన బీఏఎస్‌ఎఫ్ అనే రసాయన సంస్థ కర్మాగారంలో కాంట్రాక్టు ఇంజినీరుగా పనిచేస్తున్న నాకు, ఆ సంస్థ చరిత్రలో మా కడప జిల్లా కూడా ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

1865లో ఫ్రీడ్రిష్ ఎంగెల్‌హార్న్ ఈ సంస్థను నదికి ఆవలనున్న మాన్‌హైమ్‌లో స్థాపించాడు. ఆయన నడిపిన గ్యాసు కర్మాగారంలో వృథాగా మిగిలే బొగ్గు తారు నుంచి రంగులు తీయాలన్నది ఆలోచన. మాన్‌హైమ్ నగరపాలకులు స్థలం ఇవ్వకపోవడంతో కర్మాగారం ఈ ఒడ్డుకు వచ్చింది.

నీలి మొక్క నుంచి తీసే రంగైన నీలిమందును కృత్రిమంగా తయారుచేసే మార్గాన్ని రసాయన శాస్త్రవేత్త బాయర్ 1880లోనే చూపినా, దాన్ని గిట్టుబాటయ్యే ధరకు తేవడానికి సంస్థ ఏళ్ల తరబడి శ్రమించి, తన మూలధనాన్ని మించి 1.8 కోట్ల బంగారు మార్కులు ఖర్చు చేసి, 1897లో సరుకును బజారులోకి దించింది. ఇక్కడి వారు దీన్ని పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకుంటారు, అది నిజమే. అయితే అప్పటికి బీహారు, బెంగాలులతో పాటు మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప, నెల్లూరు ప్రాంతాల రైతులు కూడా నీలి పండిస్తుండేవారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ఆ సాగు కుదేలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సరుకు ఆగిపోవడంతో కాస్త కోలుకుంది గానీ, ఆ ఊపు ఎంతోకాలం నిలవలేదు.

రంగుల లాభాలతో ఎదిగిన సంస్థే గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే పనికి పూనుకుంది. రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్ తన ప్రయోగశాలలో సాధించినదాన్ని సంస్థలో పనిచేసే కార్ల్ బాష్ భారీ పీడనాన్ని తట్టుకునే యంత్రాలతో పరిశ్రమగా మలచగా, 1913లో పక్కనే ఉన్న ఒప్పావ్‌లో ఆ ఎరువులకు మూలమైన అమ్మోనియా ఉత్పత్తి మొదలైంది. ఈనాడు మన గోదావరి వరిమళ్లలో చల్లే యూరియాకు మూలం ఈ పద్ధతే. యుద్ధకాలంలో పేలుడు పదార్థాలకూ ఇదే ఆధారమైంది.

భద్రతా శిక్షణకు వెళ్లినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది 1921 సెప్టెంబరు 21. ఒప్పావ్ గోదాములో గడ్డకట్టిన ఎరువును చిన్న చిన్న పేలుళ్లతో వదులు చేయడం అక్కడ రోజువారీ పని. వేల సార్లు ఏమీ కాలేదు, ఆ ఉదయం మాత్రం గోదాము పేలి, ఒప్పావ్‌లో అధిక భాగం ధ్వంసమై ఐదు వందల మందికి పైగా చనిపోయారు. ఏమీ కాలేదన్న అనుభవాన్ని భద్రతకు రుజువుగా తీసుకోకూడదనడానికి ఇంతకంటె పెద్ద పాఠం నాకు తెలియదు.

1925లో సంస్థ ఐజీ ఫార్బెన్ అనే జర్మన్ రసాయన సంస్థల సమాఖ్యలో కలిసింది. నాజీల కాలంలో ఆ సమాఖ్య ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం వద్ద ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించి కర్మాగారం కట్టించింది. దీన్ని విజయాల జాబితా మధ్యలో ఒక పేరాగా దాటేయడం తగదు. యుద్ధం తర్వాత సమాఖ్య రద్దయి, 1952లో బీఏఎస్‌ఎఫ్ మళ్లీ స్వతంత్ర సంస్థగా నిలిచింది.

సహజవాయువు ఖరీదై, లుడ్విగ్స్‌హాఫెన్‌లోని రెండు అమ్మోనియా ప్లాంట్లలో ఒకదాన్ని మూసేస్తున్నట్లు సంస్థ 2023లో ప్రకటించింది. చైనాలోని ఝాన్‌జియాంగ్‌లో మాత్రం వెయ్యి కోట్ల యూరోల దాకా వెచ్చించి కొత్త సముదాయం నిర్మించేందుకు పూనుకుంది.