పైకి పోతున్నారు బాపమ్మా

సద్దుల బతుకమ్మకు ముందురోజు. హన్మకొండలో మా ఇంటి వరండా నిండా గునుగు పూలే. అమ్మ పిడికెడు పిడికెడు తీసి, కాడలు సమంగా కోసి, దారంతో చుట్టి, గులాబీ రంగు నీళ్ళల్లో ముంచి ఆరబెడుతోంది. పక్కన పదమూడేళ్ళ మా వాడు టాబ్లెట్ పట్టుకొని కూర్చున్నాడు. పుట్టి పెరిగింది లెస్టర్‌లో. తెలుగు అర్థమవుతుంది కానీ, మాట్లాడాలంటే వెతుక్కుంటాడు.

"మిస్టర్ బీన్ గదరా!" అంది అమ్మ, తొంగి చూసి.

మనిషి ఆయనే, రోవన్ అట్కిన్సన్. నాటకం మాత్రం వేరు: 'బ్లాకాడర్ గోస్ ఫోర్త్'. 1989 నవంబర్ 2న బీబీసీలో వచ్చిన ఆరో భాగం, ఆఖరుది. 1917, మొదటి ప్రపంచ యుద్ధం నాటి కథ. ముందు వరస నుంచి ఎట్లాగైనా తప్పించుకోవాలని చూసే ఒక కెప్టెన్ ఉపాయాలతో అయిదు భాగాలూ నవ్విస్తాయి. చివర ఏమవుతుందో నాకు తెలుసు. పండుగపూట వద్దురా అనబోయాను. కానీ వాడు బాపమ్మకు వరసగా తెలుగులో చెప్పుకుపోతున్నాడు. అన్ని మాటలు వాడి నోట ఒక్కసారిగా నేనెప్పుడూ వినలేదు. ఆపబుద్ధి కాలేదు.

'ట్రెంచ్' దగ్గర ఆగి నావైపు చూశాడు. కందకం అన్నాను.

"మన ఖిల్లా సుట్టు ఉంటదే, గసొంటిదా?" అంది అమ్మ.

పొద్దున్నే ఖిల్లా వరంగల్ చూసొచ్చాడు కాబట్టి, "అవును, కానీ నీళ్ళు లేవు, వీళ్ళు లోపలే పడుకుంటారు" అన్నాడు. జోకులు మాత్రం వాడి తెలుగుకు లొంగలేదు. ఆఫీసులో భద్రంగా పనిచేసే డార్లింగ్ అనే ఇంకో కెప్టెన్‌ను జనరల్ యుద్ధానికి పంపే చోట అమ్మ చేతులు ఆగాయి.

"పోనంటాండు గదరా, ఎందుకు పంపుతాండు?"

"పోను అంటున్నాడని జనరల్‌కి అర్థం కావట్లేదు బాపమ్మా."

దాడికి ఈల ఊదారు. కందకంలోంచి ఎక్కే నిచ్చెనల మీద కాళ్ళు పెట్టారు.

"ఇప్పుడు అందరూ పైకి పోతున్నారు బాపమ్మా."

"అయ్యో, అట్లనకు కొడుకా!" అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ళకున్న గులాబీ రంగు చెంపకు అంటింది.

వాడికి అర్థం కాలేదు. పైకి పోవడమంటే మన దగ్గర చనిపోవడమని మెల్లగా చెప్పాను. "నేను నిచ్చెన గురించి చెప్పాను నాన్నా" అన్నాడు, ముఖం చిన్నబోయి. అప్పటికే తెరమీద మనుషులు పొగలో నెమ్మదిగా పరుగెత్తుతున్నారు. తుపాకుల మోత ఆగి, బురద నేల ఎర్రటి పూల చేనుగా మారింది. పిట్టల కూతలు.

"సక్కగనే జెప్పినవ్ బిడ్డా," అంది అమ్మ.

ఏటా నవంబర్‌లో, యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునే ఆ ఎర్రపువ్వును, కాగితంది, వాడి చొక్కాకు నేనే గుచ్చి బడికి పంపుతాను. అది ఎందుకు గుచ్చుతామో వాడితో కూర్చుని మాట్లాడింది లేదు. ఆ దేశం పద్ధతి అనుకొని ఊరుకున్నాను.

"మనోళ్ళు గూడ పోయిండ్రా గా లడాయికి?"

పోయారని చెప్పాను. పది లక్షలమందికి పైగా భారతీయులు సముద్రాలు దాటారు. నిజాం గుర్రపు దళం ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్ళింది. డెబ్బై వేలకు పైగా మనవాళ్ళు తిరిగి రాలేదు. ఇది వాడు కూడా నా నోట వినడం అదే మొదటిసారి.

అమ్మ ఇంకో గునుగు కట్ట అందుకుంది. "మొదటిది పెట్టు కొడుకా. ఆళ్ళు నవ్వుకుంట ఉన్నది జూస్త."

వాడు మొదటి భాగం పెట్టాడు.