సీతారాంపురం మీదుగా కోనకు

పదో తరగతి దసరా సెలవుల్లో ఉదయగిరి నుంచి గుహాలయాలున్న భైరవకోనకు సైకిల్ మీద ఒక్కణ్నే వెళ్లొచ్చాను. మన బ్యాచ్‌లో చాలామందికి ఈ సంగతి తెలియదు. నేను వెళ్లడానికి కారణం మన సోషల్ సారే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి తాలూకా నెల్లూరు నుంచి అటు వెళ్లిందని, దాంతోపాటే కోన కూడా పోయిందని మ్యాపు మీద బెత్తం పెట్టి చూపించారు. ఆ గీత దాటి చూడాలని పట్టుకుంది నాకు.

తెల్లారుజామున నాన్న సైకిల్ తీసుకుని బయల్దేరాను. ఉదయగిరి కోట ఉన్న దుర్గం కొండ ఒక పట్టాన వదల్లేదు, వెనక్కి తిరిగినప్పుడల్లా అక్కడే ఉండేది. రాయలవారంతటి వారికి ఏడాదికి పైగా ముట్టడి వేస్తే గానీ 1514లో ఆ కోట చిక్కలేదు. పుస్తకంలో అది రెండు మార్కుల ప్రశ్న. ఎందుకంత కాలం పట్టిందో ఆ రోజు నా పిక్కలకు తెలిసింది.

రోడ్డంతా కంకర తేలిపోయి ఉంది. వాననీళ్లు కోసేసిన చోటల్లా దిగి నడిపించాల్సిందే. రెండు పక్కలా ముళ్ల చిల్లచెట్లు. సీతారాంపురం చేరేసరికి వెనక చక్రంలో గాలి లేదు. పంచర్లు వేసే పెద్దాయన ట్యూబును నీళ్లతొట్లో ముంచి, బుడగలొచ్చిన చోట అతుకు వేశాడు. అక్కడితో ఆపలేదు. టైరు లోపల వేళ్లతో చుట్టూ మెల్లగా తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. రబ్బరులో చిల్లముల్లు మొన విరిగి ఉంది.

"ఇది తియ్యకపోతే ఎన్ని అతుకులేసినా వేస్టు నాయనా. యాడికి పోతుండావు?"

"కోనకి."

"ఒక్కడివే? వుండు, చైను లూజుగా ఉండాది" అని అదీ బిగించాడు. ఏ పనైనా అలా చెయ్యాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

అక్కణ్నించి ఎడమ పక్కన వెలిగొండలు. జిల్లా ఎక్కడ మారిందో తెలియనే లేదు. అదే ఎర్రమట్టి, అదే యాస. కోనలో వానలకు జలపాతం నిండుగా దూకుతోంది. కొండను తొలిచి చేసిన 8 గుహాలయాలూ తిరిగాను. ద్వారపాలకుల చుట్టూ ఉలి దెబ్బలను వేలితో తడిమి చూశాను.

తర్వాత కారులో చాలాసార్లు వెళ్లాను. ఆ ఊళ్లు అద్దంలోంచి జారిపోవడమే గానీ ఒక్కటీ గుర్తు లేదు. అందుకే అడుగుతున్నాను: ఈసారి కలయికకు వచ్చేవాళ్లు ఒక పూట ముందే రండి, సైకిళ్ల మీద పోదాం. మోకాళ్లు సహకరించనివాళ్లు సీతారాంపురం దాకా వచ్చినా చాలు. పంపు, సొల్యూషన్ నేను తెస్తాను.