ఏ రొట్టె కావాల?

నెల్లూరు రొట్టెల పండగ గురించి చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నా, వెళ్ళడం మాత్రం 2025 జులైలో కుదిరింది. మొహర్రం నెల పండగ కాబట్టి మన క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈసారి మంచి ఉక్కపోతలో పడింది. విజయవాడలో పినాకిని రైలు ఎక్కాను. పెన్న వంతెన వచ్చేసరికి పెట్టెలో ఎవరెవరు దర్గాకి వెళ్తున్నారో అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఒళ్ళో స్టీలు డబ్బాలు, వాటిలో గుడ్డ చుట్టిన చపాతీలు.

స్టేషన్ నుంచి దర్గామిట్టకి ఆటో. కొంతదూరం పోయాక పోలీసులు ఆపేశారు, ఇక నడకే. బారా షహీద్ దర్గాలో ఉన్నవి పన్నెండు మంది వీరుల సమాధులు. యుద్ధంలో తలలు తెగిపడితే మొండేల్ని గుర్రాలే ఇక్కడిదాకా మోసుకొచ్చాయని చెప్పుకుంటారు. ఆర్కాటు నవాబు భార్యకి జబ్బు చేస్తే ఈ సమాధుల దగ్గరి మట్టి నుదుట రాసుకుని కోలుకుందనీ, ఆ మందు సంగతి చెరువుగట్టున బట్టలుతికే రజక దంపతులకి కలలో తెలిసిందనీ ఇంకో కథ. అందులో చరిత్ర ఎంతో తేల్చే పని నాది కాదు. నవాబు ఇంటి జబ్బుకి రజకుల ఇంటి కలలోంచి మందు వచ్చిందని ఊరు ఊరంతా ఇష్టంగా చెప్పుకుంటుందే, నాకు ఆసక్తి అక్కడ.

స్వర్ణాల చెరువు ఒడ్డున బోర్డులు కట్టారు: ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, విదేశీ రొట్టె. ఏదైనా కోరిక ఉన్నవాళ్ళు, అదే కోరిక తీరినవాళ్ళ చేతి రొట్టె పుచ్చుకుని తినాలి. తమది కూడా తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఇదంతా నీళ్ళలో నిలబడే. తల మీద గుడ్డ ఉండాలి, కొంగో చున్నీయో, ఏదీ లేకపోతే జేబురుమాలు. నామం పెట్టుకున్న ఒకాయన తలకి తువ్వాలు చుట్టుకుని బురఖా వేసుకున్నావిడ ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

నా పక్కన ఒక పెద్దావిడ "ఉద్యోగ రొట్టె, ఉద్యోగ రొట్టె" అని కేకలు పెడుతోంది. ఒక కుర్రాడు వచ్చాడు.

"ఏం చదివినావు నాయనా?"

"బీటెక్ అవ్వా."

"మా మనవడిదీ అదే. వాడికొచ్చింది, నీకూ వస్తుందిలే."

రొట్టె మడిచి, మధ్యలో చిన్న బెల్లంముక్క పెట్టి ఇచ్చింది. ఆమె ముంజేతి మీంచి కారిన నీళ్ళకి రొట్టె అంచు మెత్తబడిపోయింది. వాడు అదంతా చూడలేదు, కళ్ళు మూసుకుని తినేశాడు. ఆమె వాడి పేరు అడగలేదు, ఊరూ అడగలేదు.

ఎమ్మేలో మానవశాస్త్రం చదివిన పాపానికి నాకక్కడ మెకిమ్ మారియట్ గుర్తొచ్చాడు. ఈ అమెరికన్ పండితుడు 1970ల్లో మన సమాజం గురించి ఒక మాటన్నాడు. ఇక్కడ మనిషిని విడిగా తీసి చూస్తే అర్థం కాడట. ఎవరి దగ్గర ఏం పుచ్చుకుంటాడు, ఎవరికి ఏం ఇస్తాడు అనే దాన్నిబట్టే మనిషి తయారవుతూ ఉంటాడట. అందులో వండిన తిండిది పెద్ద పాత్ర. మనకిది వంటింట్లో తెలిసిన సంగతే. ఎవరింట్లో మంచినీళ్ళు తాగొచ్చో, ఎవరింట్లో మజ్జిగదాకా ఫర్వాలేదో, ఎవరింట్లో విస్తరి ముందు కూర్చోవచ్చో మా నాయనమ్మ దగ్గర పక్కా లెక్క ఉండేది. నేనెవరినో నాకు అక్షరాలకన్నా ముందు ఆ లెక్కే నేర్పింది. అలాంటి ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే ఇక్కడ ఎవరు కాల్చారో తెలియని రొట్టె కళ్ళకద్దుకుని తింటున్నారు.

కానుకకి మూడు బాధ్యతలుంటాయని ఫ్రాన్సులో మార్సెల్ మాస్ అనే సమాజశాస్త్రవేత్త 1925లోనే రాశాడు: ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం. ఇక్కడ ఆ మూడోది ఇచ్చినవాళ్ళకి చేరదు. బాకీ ఒకరి దగ్గర, చెల్లింపు ముక్కూమొహం తెలియని ఇంకొకరికి. కానీ బాకీ బరువేం తగ్గదు. కరోనా అని 2020లో పండగ ఆపేసినప్పుడు ఈ అవ్వకి నిద్ర పట్టలేదట. "కూతురికి బిడ్డ పుట్టిండాది, రొట్టె ఇయ్యకపోతే ఎట్టా? ఒకటే టెన్షన్" అంది. ఆ ఏడంతా ఆవిడ తనని తాను బాకీ ఉన్న మనిషిగానే చూసుకుంది.

దీన్నిబట్టి చెరువులో దిగగానే కులమూ మతమూ కరిగిపోతాయని రాస్తే అబద్ధమే. రాత్రి బస్టాండు దగ్గర కారం దోసె తింటుంటే ఎదురుగా ఒకాయన కూర్చున్నాడు, జుట్టింకా తడిగానే ఉంది. ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు, అదీ చాలక "ఎవురోళ్ళు మీరు?" అన్నాడు. నేను మాట దాటేసి ఏ రొట్టె తీసుకున్నారండీ అన్నాను. సొంతింటి రొట్టెట. ఎవరో సాయిబులావిడ ఇచ్చిందట, చెయ్యి మంచిదని ఒకటికి రెండుసార్లు మెచ్చుకున్నాడు. స్థలం కూడా చూసిపెట్టాడు.

"లేఅవుట్ బాగుండాది సార్, చుట్టుపక్కలంతా మావోళ్ళే!"