ఒకటా, రెండా

పదకొండున్నర. అత్తయ్య గదిలో ఫ్యాన్ మళ్ళీ నీరసంగా తిరుగుతోంది. ఈయన కెపాసిటర్ తెస్తానని పది రోజులైంది. ఆ గొడవ ఇంకోసారి.

నాకు నిద్ర పట్టనిది ఫ్యాన్ వల్ల కాదు. ఇవాళ ఒక చిన్న అబద్ధం ఆడాను.

కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు కదా, అన్నీ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఏడబ్ల్యూఎస్ సీఎల్‌ఐ, అంటే అమెజాన్ క్లౌడ్‌కి కమాండ్లు టైప్ చేసి పని చెప్పే టూల్, వేయడం పెద్ద పనేం కాదు. జిప్ దించుకుని, విప్పి, లోపలున్న ఇన్‌స్టాల్‌ను సుడోతో నడిపిస్తే టీ చల్లారేలోపు అయిపోతుంది. తర్వాత 'ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్' కొడితే నాలుగే ప్రశ్నలు: యాక్సెస్ కీ, సీక్రెట్ కీ, రీజియన్ (అంటే ఏ ఊళ్ళోని సర్వర్లని), ఔట్‌పుట్ ఏ రూపంలో కావాలని. మూడోదానికి నా చెయ్యి దానంతటదే ఏపీ-సౌత్-2 అని కొట్టేసింది. హైదరాబాద్ కదా! 2022 నవంబర్‌లో ఆ రీజియన్ తెరిచినప్పుడు జాబితాలో మన ఊరి పేరు చూసి మురిసిపోయినదాన్ని. మా సర్వర్లేమో ముంబైలో ఉన్నాయి. ఏపీ-సౌత్-1.

సర్వర్ల పనితీరు లెక్కలు దాచే క్లౌడ్‌వాచ్‌లో లిస్ట్-మెట్రిక్స్ అడిగాను, అంటే ఏయే లెక్కలున్నాయో చూపించమని. 'మెట్రిక్స్' అని రాసి, పక్కన రెండు ఖాళీ బ్రాకెట్లు. ఎర్రర్ లేదు, ఏం లేదు. ఉప్మా అడిగితే ఖాళీ ప్లేటు తెచ్చి పెట్టినట్టు.

రెండు గంటలు. కీ తప్పేమో అనుకున్నాను. గెట్-కాలర్-ఐడెంటిటీ కొడితే నేనెవరో సరిగ్గానే చెప్పింది. గడియారం తేడా ఉందేమో అని అదీ చూశాను (తేడా ఉంటే కమాండ్‌తో వెళ్ళే డిజిటల్ సంతకం గడువు తీరిందని అరిచేది, ఇది అరవలేదుగా). వీపీఎన్ తీశాను, పెట్టాను. అన్నిటినీ అనుమానించాను, నేను కొట్టిన ఆ ఒక్క అంకెను తప్ప. ఒళ్ళు మండిపోయింది. అసలు హైదరాబాద్ రీజియన్ అకౌంట్‌లో మొదటి నుంచి ఆన్‌లో ఉండదు, అడిగి ఆన్ చేయించుకోవాలి. మావాళ్ళెవరో ఎప్పుడో సరదాకి ఆన్ చేసి వదిలేసినట్టున్నారు. ఆ పని చేయకపోయుంటే మొదటి నిమిషంలోనే టోకెన్ చెల్లదని కసిరేది, నేనూ బతికిపోయేదాన్ని.

మధ్యలో అత్తయ్య వచ్చి ఏమైందమ్మా అంటే చెప్పాను. "బొంబాయిలో పెట్టుకుని ఇక్కడ వెతుక్కుంటే ఎలా దొరుకుతుందే?" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అంటే అప్పటికి నాకు తెలిసిపోయింది లెండి. ఎలా తెలిసిందంటే, టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మెసేజ్ పెట్టాడు: "అక్కా, రీజియన్ చూశారా?" మూడంటే మూడు మాటలు. చూశాను. మార్చాను. గ్రాఫుకు కావాల్సిన అంకెలన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. అప్పుడు వాడికి ఏమని జవాబిచ్చానంటే, "రీజియన్ కాదు, ఇక్కడ నెట్ స్లోగా ఉంది."

ఎందుకన్నానో నాకే తెలీదు.

2011లో నా మొదటి ఆఫీసు అమీర్‌పేటలో, కింద టిఫిన్ సెంటరు, పైన మేము ఆరుగురం. అప్పుడు క్లౌడ్‌వాచ్‌కి వేరే టూల్స్ ఉండేవి, జావాతో నడిచేవి. జావా హోమ్ పెట్టాలి (జావా ఏ ఫోల్డర్లో ఉందో చెప్పడమన్నమాట), క్లౌడ్‌వాచ్ హోమ్ పెట్టాలి, పాత్‌లో చేర్చాలి, కీలు ఒక ఫైల్లో రాసి దాని దారి చెప్పాలి. మాన్-సీఎండీ అని కమాండ్ కొట్టి, జావా లేచి ఒళ్ళు విరుచుకునేదాకా కాచుకు కూర్చోవాలి. ముంబై రీజియన్ 2016లో కదా వచ్చింది, అప్పుడు మనకి దగ్గరంటే సింగపూరే. ఒక శనివారం మా లీడ్ అన్న పొద్దున్నించీ ఆ జావా హోమ్‌తోనే కుస్తీ పడుతున్నాడు. వరంగల్ మనిషి, కోపమొస్తే బల్ల మీద పెన్ను తాళం వేసేవాడు. ఆ టకటక మధ్యాహ్నం మూడింటికి ఆగింది. "అందరు రండి, ఇటు రండి" అని పిలిచాడు. తెర మీద జావా దారిలోని 'ప్రోగ్రామ్ ఫైల్స్' అన్న రెండు మాటల మధ్య, ఆ దారిని అక్కడే తెంపేస్తున్న ఖాళీ జాగా మీద వేలు పెట్టి, "పొద్దుగాల్నించి గీ జాగ కాడ్నే ఆగిన. నా అసుంటి పిచ్చోడు ఉంటడా?" అని పడీ పడీ నవ్వాడు. 'ప్రోగ్రా', టిల్డా, ఒకటి అని ఖాళీ లేని పొట్టిపేరు కొట్టి చూపించి, కింది నుంచి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఆ పొట్టిపేరు ఇప్పటికీ మర్చిపోలేదు నేను.

ఆ రోజులే బాగుండేవని రాయబోయాను. అబద్ధం. అదే నెలలో ఆ కీల ఫైలు దారి కుదరక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఖాళీ ప్లేటన్నాను కదా, అదీ తప్పే. హైదరాబాద్‌లో మా సర్వర్ ఒక్కటీ లేదు. ఏమున్నాయని అడిగాను, ఏమీ లేవంది. సరైన జవాబే. నా కోపం దాని మీద కాదన్నమాట. మరి ఆ కుర్రాడి మీదా? వాడేం చేశాడు పాపం, అక్కా అన్నాడు, చూశారా అని మర్యాదగా అడిగాడు.

ఇంకోటి, గ్రాఫులో సీపీయూ సాయంత్రం నాలుగింటికి ఎగిసిందని కాసేపు కంగారు పడ్డాను. అది యూటీసీ, ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైము. మన లెక్కలో రాత్రి తొమ్మిదిన్నర, రోజూ రిపోర్టులు నడిచే టైమే. మెమరీ లెక్క అసలు రానే రాలేదు, దానికి ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ సర్వర్ మీద విడిగా వేయాలి. రేపు చూస్తాను.

ఇందాక చాట్ తెరిచాను. వాడి పేరు పక్కన పచ్చ చుక్క ఇంకా వెలుగుతోంది, ఈ పిల్లలు పడుకోరా ఏంటో. "రీజియనే తప్పు పెట్టాను" అని కొట్టాను. చెరిపేశాను. "నెట్ బాగైంది" అని పంపించాను.

బొటనవేలు బొమ్మ పెట్టాడు.