క్యోటోలో నిప్పు తెచ్చుకున్న రాత్రి

ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి దగ్గరికి డిసెంబరు చివరి వారంలో వెళ్లాను. కొత్త సంవత్సరపు రాత్రి వాడి తెలుగు మిత్రులతో గడుస్తుందని అనుకుంటుండగా, వాడి సహోద్యోగి తల్లిగారు మమ్మల్నిద్దరినీ క్యోటోలోని తమ ఇంటికి పిలిచారు. పండుగ చూడటానికి కాదు, చేసుకోవడానికి రమ్మన్నారని తమ్ముడు చెప్పినప్పుడు ఆ మాటలోని తేడా నాకు అందలేదు. ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం గడప దాటగానే ఆవిడ నా చేతికి తడిగుడ్డ అందించి, ఇంకా తుడవాల్సిన కిటికీలు చూపించడంతో అందింది. సంక్రాంతికి ముందు మన ఇళ్లలో బూజు దులిపినట్టే, సంవత్సరాంతంలో ఇల్లంతా శుభ్రం చేయడం వారికి పండుగలో భాగమే. గుమ్మం దగ్గర పైన్ కొమ్మలు, పైన వరిగడ్డితో పేనిన తాడు అప్పటికే ఉన్నాయి. కొత్త ఏటితో పాటు ఇంటికి వచ్చే తోషిగామి అనే దేవతకు అవి స్వాగతం.

జపాన్‌లో ఈ పండుగ మొదట మన ఉగాది లాగా చాంద్రమానాన్ని అనుసరించేది. 1873లో మెయిజీ ప్రభుత్వం గ్రెగోరియన్ క్యాలెండరును అమలు చేసినప్పుడు తేదీ జనవరి ఒకటికి మారింది, ఆచారాలు కూడా దాని వెంటే నడిచాయి. మనం జనవరి ఒకటిన కేకు కోసి ఉగాదికి పచ్చడి చేసుకుంటాం. వారికి రెండూ ఒకే రోజున కలిసిపోయాయి. ఆ రాత్రికి అంతటి గాంభీర్యం అందువల్లనే వచ్చిందని నాకు అనిపించింది.

రాత్రి భోజనానికి సోబా వండారు. సులభంగా తెగిపోయే ఆ సేమ్యాలను తింటే గడిచిన ఏటి కష్టాలు కూడా అలాగే తెగిపోతాయని వారి నమ్మకం. మేము శాకాహారులమని తెలిసి, చేపతో కాచే రసానికి బదులు కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో మా కోసం విడిగా కాచారు.

పదకొండు గంటలకు చియోన్‌ఇన్ ఆలయం చేరుకున్నాం. అక్కడి గంటను 1636లో పోతపోశారు, బరువు సుమారు 70 టన్నులు. దానిని మోగించడానికి పదిహేడుగురు భిక్షువులు కావాలి. పదహారుగురు తాళ్లు పట్టి దూలాన్ని ఊపుతుండగా, ప్రధాన తాడు పట్టుకున్న ఒక్కరు సరైన క్షణంలో ఆకాశం వైపు ముఖం పెట్టి, వీపు నేలను తాకుతుందేమో అన్నంతగా వెనక్కి ఒరిగిపోతారు. అప్పుడు వచ్చే నాదం ముందుగా అరికాళ్లకు తెలుస్తుంది. మనుషుల క్లేశాలు నూట ఎనిమిదని, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్కటి తొలగుతుందని చెబుతారు. అష్టోత్తరం వింటూ పెరిగిన నాకు ఆ లెక్కను ఎవరూ వివరించవలసిన అవసరం రాలేదు.

అక్కడికి దగ్గరలోనే యసాకా దేవాలయం ఉంది. ఒకెరా అనే ఔషధ మూలికను అక్కడ నిప్పులో వేసి కాలుస్తారు. జనం వెదురు నారతో పేనిన తాడు కొసకు ఆ నిప్పు అంటించుకుని, ఆరిపోకుండా గుండ్రంగా తిప్పుకుంటూ ఇళ్లకు తీసుకువెళతారు. అగ్గిపెట్టె లేనప్పుడు మా అమ్మమ్మ పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకు వెళ్లిన సంగతి తమ్ముడికీ నాకూ ఒకేసారి గుర్తొచ్చింది. రైలులోకి నిప్పును రానివ్వరు కనుక అరగంటకు పైగా నడిచాం. వంతెన మీద గాలికి నా తాడు ఆరిపోయింది. ఎదురుగా వస్తున్న ఒక వృద్ధురాలు ఆగి, తన తాడు కొసను నా తాడుకు ఆనించి, ఎర్రగా రాజుకునేదాకా రెండు చేతులతో గాలికి అడ్డుపెట్టి, ఏమీ మాట్లాడకుండా తలవంచి సాగిపోయింది.

ఇంటికి చేరాక పెద్దావిడ ఆ నిప్పుతో కుంపటిలో బొగ్గులు రాజేసి, నివురు కప్పి పడుకోబెట్టారు. ఆర్పిన తాడు ముక్కను అగ్ని ప్రమాదాల నుంచి కాపాడే రక్షగా వంటింట్లో కట్టారు. తెల్లవారాక ఆ కుంపటి మీదే తెల్ల మిసోతో, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో, జోనీ అనే పండుగ చారు కాచి, అందులో మోచీ అనే గుండ్రటి బియ్యపు ముద్దలు వేశారు. తినడానికి ఇచ్చిన పుల్లలు రెండు వైపులా సన్నగా చెక్కి ఉన్నాయి. ఒక కొస మనకు, రెండో కొస మనతో పాటు భోజనానికి కూర్చున్న తోషిగామికి. నా పుల్లలు ఉన్న కాగితపు తొడుగు మీద, జపాను లిపిలో, నా పేరు రాసి ఉంది.